రోగిని అడిగారా?

పక్షవాతం వచ్చినవారిని "మీకు ముందుగా ఏ పని చేసుకోగలగాలని ఉంది?" అని అడిగితే, తరచూ జవాబు చెప్పేది పక్కనున్న బంధువులే: "నడిస్తే చాలు సిస్టర్." నేను కూడా చాలాకాలం ఆ జవాబే రాసుకున్నాను. అది పొరపాటు. మైపాడు తీరాన వల బాగుచేసుకునే మనిషికి కావలసింది వేళ్ళతో ముడి వేయగలగడం. ఒక తల్లికి తోడు లేకుండా మరుగుదొడ్డికి వెళ్ళగలగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన ఐ.సి.ఎఫ్. వర్గీకరణ కూడా కండరాల బలంతోపాటు రోజువారీ పనులను, నలుగురిలో కలవడాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

కాబట్టి రోగినే అడగండి. మాట పడిపోతే బొమ్మలు చూపించి, సైగలతో అడగండి. ఆ కోరికను ఫిజియోథెరపిస్టుతో కలిసి చిన్న మెట్లుగా చేసుకోండి: ముందు మంచం అంచున కూర్చోవడం, తర్వాత ఊతంతో నిలబడడం. వారు చేసుకోగలిగిన పనిని జాలిపడి మీరు చేసిపెట్టకండి. తాను కోరుకున్న పని కోసమైతే మనిషి విసుగు లేకుండా వ్యాయామం చేస్తాడు.