ఏ పామో తర్వాత తేల్చుకుందాం

ఇంట్లో పాము కనిపించగానే అందరి నోటా వచ్చే మొదటి మాట "ఏ పాము?" అన్నదే. ఆ వెంటనే ఫోన్లు బయటికొస్తాయి, ఫొటో వాట్సాప్ గ్రూపులకు వెళ్తుంది, కాసేపట్లో నాలుగు రకాల పేర్లు తిరిగొస్తాయి. కట్లపాము అని ఒకరు, నీళ్ల పాము ఏమీ చెయ్యదు వదిలెయ్యమని ఇంకొకరు. ఎవరి గొంతు గట్టిదైతే వారి మాట ప్రకారం కర్ర లేస్తుంది, లేదా చీపురుతో నెట్టే సాహసం మొదలవుతుంది. పాముల్ని గుర్తుపట్టడం మంచి విద్యే, కాదనను. కానీ భయంతో ఒళ్లు వణుకుతున్న ఆ నిమిషంలో, మంచం కింద చీకట్లో సగం మాత్రమే కనిపిస్తున్న ఒంటిని చూసి పేరు తేల్చడం, ఆ పేరును నమ్ముకుని చేయి చాచడమో కర్ర ఎత్తడమో చేయడం మాత్రం తగదు.

మనం నమ్ముకునే గుర్తులు ఎంత బలహీనమైనవో చూడండి. తల ముక్కోణంగా ఉంటేనే విషపాము అంటారు. పింజరల విషయంలో అది కొంత నిజం. నాగుపాముకు, కట్లపాముకు అలాంటి తల ఉండదు, మనుషుల్ని చంపే విషం మాత్రం ఉంటుంది. పడగ చూసి నాగును పట్టేస్తామనుకుంటే, బెదిరితే తప్ప అది పడగ విప్పదు. పడగ ముడుచుకుని గోడవారగా పోతున్న నాగును జెర్రిపోతు అనుకునేవాళ్లు ఎందరో. దానికి భిన్నంగా, ఏ హానీ చేయని నీరుకట్టు పాము బెదిరినప్పుడు మెడను వెడల్పు చేసి బుస్సుమంటూ మీదికి ఎగురుతుంది, నాగుపాము పేరుతో దెబ్బలు తిని చస్తుంది. కట్లపాము కథ ఇంకా చిక్కు. గోడలెక్కి బల్లుల్ని తినే తోడేలు పాముకూ తెల్లటి అడ్డపట్టీలుంటాయి. దాని పట్టీలు మెడ దగ్గరే మొదలై తోకవైపు మసకబారతాయి. కట్లపాము పట్టీలు సన్నగా, తరచు జతలుగా, తలకు కాస్త దిగువన మొదలై తోకవైపు స్పష్టమవుతాయి. పుస్తకంలో బొమ్మలు పక్కపక్కన పెట్టుకుంటే తేడా సులువుగానే తెలుస్తుంది. టార్చిలైటు వెలుగులో, కదిలే పాము మీద, పట్టీలు దాదాపు చెరిగిపోయిన ముసలి కట్లపాము విషయంలో ఎవరు తేల్చగలరు? రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకుని చేతుల్లోకి తీసుకున్నవాళ్లున్నారు. పొరపాటు ఒకవైపు పడితే నిరపాయమైన జీవి పోతుంది, ఇంకోవైపు పడితే మనిషే పోతాడు.

"ఏ పామో తెలియకపోతే డాక్టరు మందెలా ఇస్తాడు?" అన్నది బలమైన అభ్యంతరంలా కనిపిస్తుంది. మన దేశంలో దొరికే యాంటీవీనం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ కలిపి తయారైన ఒకే మందు. డాక్టరు చూసేది పామును కాదు, రోగిని. రెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టమవుతోందా, వాపు పాకుతోందా అని గమనిస్తారు. గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టకపోతే పింజర విషమని అనుమానిస్తారు. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తేనే ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి, విషం లేని పాము కరిచినవారికి అనవసరంగా మందెక్కిస్తారన్న భయమూ అక్కర్లేదు. పైగా కట్లపాము సాధారణంగా రాత్రిపూట, నేల మీద నిద్రపోయేవారిని కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాట్లు కూడా సరిగా కనిపించవు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన మనిషి ఏ పామునీ చూసి ఉండడు. గుర్తుపట్టాకే వైద్యం అన్న నియమం ఉంటే వీళ్లలో ఒక్కరూ బతకరు. పామును చంపి సంచిలో ఆసుపత్రికి తెచ్చేవాళ్లు ఆ వేటలో విలువైన సమయం పోగొట్టుకుంటారు, రెండో కాటు కూడా తింటారు. తెగిన పాము తల సైతం కాసేపు కరవగలదు. ఒక మినహాయింపు మాత్రం ఒప్పుకోవాలి. ఉత్తరాంధ్ర మన్యంలో తిరిగే గిరినాగు ఆ నాలుగింటిలో లేదు. దూరం నుంచి తీసిన ఫొటో ఉంటే అక్కడి డాక్టరుకు ఉపయోగమే. దూరం నుంచి అన్న మాట మరిచిపోకూడదు.

ఈ జాగ్రత్తలు పట్నవాసులు చెప్పే నీతులని పల్లెల్లో అనవచ్చు. హైదరాబాద్‌లోనైతే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లొచ్చి పట్టుకెళ్తారు, అర్ధరాత్రి మారుమూల తండాలో పసిపిల్లల్ని పెట్టుకుని ఎవరి కోసం ఎదురుచూడాలి? ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబు కూడా పాము పేరులో లేదు. పిల్లల్ని, కుక్కల్ని బయటికి పంపి, లోపలి గదుల తలుపులు వేసి, కింది సందుల్లో గుడ్డలు కుక్కి, బయటి తలుపు బార్లా తెరిచి, ఒకరు దూరంగా నిలబడి కనిపెట్టుకుని ఉంటే చాలా పాములు వాటంతటవే దారి చూసుకుంటాయి. నాగు అయినా, జెర్రిపోతు అయినా చేయవలసింది ఇంతే. కార్బాలిక్ యాసిడ్, వెల్లుల్లి, గంధకం చల్లితే పాము దగ్గరికి రాదన్న మాటకు ఆధారం లేదు. ఎలుకలు పెరగకుండా చూడటం, కట్టెల మోపుల్ని గుమ్మానికి దూరంగా ఉంచడం, దోమతెర అంచుల్ని పరుపు కిందికి బాగా దోపి పడుకోవడం అంతకన్నా ఎన్నోరెట్లు మేలు.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాల్లో దాదాపు సగం జూన్, సెప్టెంబర్ మధ్య జరిగినవే. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాముకాటు మరణాల్ని 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. కేరళ అటవీ శాఖ పాములు పట్టేవారికి శిక్షణ, లైసెన్సు ఇచ్చి, 'సర్ప' అనే యాప్ ద్వారా దగ్గరలో ఉన్నవారిని పిలిపించుకునే ఏర్పాటు చేసింది. అంటే గుర్తుపట్టే పని అది తెలిసిన చేతుల్లో పెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ మండలానికి కొందరైనా ఇలాంటివారు కావాలి. వానలు మొదలవక ముందే ప్రతి గ్రామ పంచాయతీ కార్యాలయం గోడ మీద వారి ఫోన్ నంబర్లతోపాటు, యాంటీవీనం నిల్వ ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరు కూడా పెద్ద అక్షరాలతో రాయించాలి.