బూటు కాలికా, బడి ఏడాదికా?

జూన్ 12 దగ్గర పడిందంటే కరీంనగర్ టవర్ సర్కిల్లోనూ, ఆదిలాబాద్, మంచిర్యాల బజార్లలోనూ చెప్పుల దుకాణాలకు సందడి వస్తుంది. అక్కడ తరచుగా వినబడే మాట ఒకటుంది: "పెరిగే పిలగాడు, ఒక నంబరు పెద్దదే ఇయ్యి." ఈ మాట పొదుపులోంచి పుట్టిందే గాని నిర్లక్ష్యంలోంచి కాదు. అయినా దీనితో నాకు పేచీ ఉంది.

మనం వాడే బ్రిటిష్ కొలతల్లో నంబరుకూ నంబరుకూ తేడా అంగుళంలో మూడోవంతు, అనగా సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పెరిగే పాదానికి వేళ్ళ ముందు ఎలాగూ సెంటీమీటరు ఖాళీ కావాలి. దానిపై మరో నంబరు కలిపితే పాదం లోపల జారుతుంది, మడమ ఒరుసుకొని బొబ్బలెక్కుతుంది. పిల్లవాడు వేళ్ళు ముడిచి బూటును పట్టుకొని నడుస్తాడు. కొన్నాళ్ళకు అది సరిపోతుంది, ఆపై బిగుస్తుంది. అప్పుడు "ఇంకో రెణ్ణెల్లే కదా" అని సరిపెట్టుకుంటాం. వెరసి ఆ జత కాలికి కాక, బడి ఏడాదికి సరిపోయేలా కొన్నదవుతుంది. పసి ఎముకలు మెత్తనివి గనుక బిగుతు బూటు నొక్కుతున్నా పిల్లలు చాలాసార్లు చెప్పరు.

పెద్ద నంబరు కొనడానికి మరో కారణం కూడా ఉంది. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలను కొలిచింది. మన పాదాలు ముందుభాగంలో వెడల్పని తేలడంతో 'భ' అనే పేరుతో భారతీయ కొలతలను ప్రతిపాదించింది. వెడల్పు చాలక ఇరుకైతే, మనం పొడవు పెంచి కొంటున్నామన్నమాట! అది ఒక లోటును మరో లోటుతో పూడ్చడమే.

అసలు ఏడాది పొడవునా మూసిన బూటే ఎందుకు? 1992లో ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ అనే వైద్యులు 4 నుంచి 13 ఏళ్ళ పిల్లలు 2300 మంది పాదముద్రలను పరిశీలించారు. పాదరక్షలు వాడేవారిలో 8.6 శాతానికి, వాడనివారిలో 2.8 శాతానికి చదును పాదాలు కనిపించాయి. మూసిన బూట్లు తొడిగేవారిలో ఇది మరీ ఎక్కువ. ఇంతమాత్రాన బూటే కారణమని తీర్పు చెప్పలేం. వట్టికాళ్ళతో పంపమనీ అనను. ముల్లు, కొంకిపురుగు, కాలే తారురోడ్డు మనకు తెలియనివి కావు. కాని వెనక పట్టీ ఉన్న చెప్పులు ఈ రెంటికీ మధ్య మార్గం.

మన ఉత్తర తెలంగాణ వాతావరణానికి అవే నప్పుతాయి. ముసురు రోజుల్లో తడిసిన బూటు తెల్లారేసరికి ఆరదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నపు టెండలో మేజోళ్ళతో ఇంటికి నడవడం ఒక శిక్ష. మూసిన బూటు నిజంగా అవసరమయ్యేది ఆదిలాబాద్ వణికే డిసెంబరు, జనవరుల్లోనే. కనుక బడులు మిగతా నెలల్లో పట్టీచెప్పులకు అనుమతించాలి. తల్లిదండ్రులు ఒక ఖరీదైన జతకు బదులు రెండు మామూలు జతలు, ఒకటి జూన్‌లో, ఒకటి చలి మొదలయ్యేముందు కొనవచ్చు.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. పాదం కాస్త ఉబ్బి ఉండే సాయంకాలం పిల్లవాణ్ణి కాగితంపై నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టి రెండు పాదాల చుట్టూ గీయాలి. పెద్ద పాదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఆ ఆకారాన్ని కత్తిరించి బూటులో పెడితే, అంచులు మడతపడకుండా, వేళ్ళ ముందు సెంటీమీటరు మిగలాలి. మూడు నెలలకోసారి ఈ పని చేస్తే చాలు.

మీ ఊళ్ళో పట్టీచెప్పులను అనుమతించే బడి ఏదైనా ఉంటే తెలియజేయండి. ఇక్కడి బడులవాళ్ళను అడిగేటప్పుడు ఉదాహరణగా చూపవచ్చు.