ఖాళీ గడిలో ఏముంది?

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లని ఎవర్నైనా కదిపి చూడండి. 'కె విలువ కనుక్కోండి' అనే లెక్క గుర్తుందా అంటే ఓ నవ్వు నవ్వుతారు. ఓ పట్టిక ఇస్తారు. పైన 0, 1, 2, 3... కింద వాటి సంభావ్యతలు. ఒక గడిలో మాత్రం అంకె బదులు 'కె' ఉంటుంది. సంభావ్యతలన్నీ కూడితే 1 రావాలి కాబట్టి, మిగతావి కూడి 1లోంచి తీసేస్తే సరి. గ్యారంటీ మార్కులు! పరీక్ష హాలు దాటగానే మర్చిపోయేదీ ఇదే.

పండగ సీజన్లో బట్టల షాపులో కూపన్ ఇచ్చారనుకోండి. మొత్తం వెయ్యి కూపన్లు. ఒక బైకు, 9 గ్రైండర్లు, 90 స్టీలు డబ్బాలు. సంభావ్యతలు 0.001, 0.009, 0.09. మూడూ కలిపితే 0.1. మిగతా 0.9 ఎక్కడికి పోయింది? అది 'ఏమీ రాదు' అనే గడి. కరపత్రంలో దాన్ని వెయ్యరు. వేస్తే కూపన్ కోసం ఎవరెగబడతారు!

కూపన్ పోతే పోయింది. కానీ ఈ లెక్క కొన్ని ఇళ్లలో బిడ్డ ఆరోగ్యం దాకా వస్తుంది.

తలసీమియా పేరు వినే ఉంటారు. తీవ్రంగా ఉన్న పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అమ్మానాన్నలిద్దరూ ఈ లోపానికి క్యారియర్లైతే, పుట్టే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 1/4, క్యారియర్ అయ్యే అవకాశం 1/2. మిగిలిన 1/4, ఏ లోపమూ లేకుండా పుట్టడం. ఇంతవరకూ తేలికే. 'మొదటి బిడ్డకి వచ్చేసింది కదా, ఇక మూడు కాన్పులదాకా భయం లేదు' అనుకునేవాళ్లున్నారు. పొరపాటు. ప్రతి కాన్పుకీ పట్టిక మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది.

అసలు చిక్కు క్యారియర్లతోనే. వాళ్లు మనందరిలాగే తిరుగుతుంటారు. ఏ ఆస్పత్రి రిజిస్టర్లోనూ వాళ్ల లెక్క ఉండదు. మరి ఎంతమంది ఉన్నారో ఎలా తెలియాలి? దీనికి దారి చూపింది 1908లో ఇద్దరు. ఒకరు జర్మనీ డాక్టరు వైన్‌బెర్గ్. రెండోవారు లెక్కల మేధావి హార్డీ. అవును, తర్వాత మన రామానుజాన్ని కేంబ్రిడ్జికి పిలిపించిన ఆ హార్డీయే!

ఓ ఊహా లెక్క వేద్దాం. పుట్టే 10,000 మందిలో ఒకరికి ఇలాంటి వ్యాధి ఉందనుకుందాం. వ్యాధి రావాలంటే అమ్మ దగ్గర్నుంచి, నాన్న దగ్గర్నుంచి రెండూ లోపమున్న జన్యువులే రావాలి. ఒక్కోదానికి అవకాశం 1/100 అయితేనే, రెండూ కలిసే అవకాశం 1/10,000 అవుతుంది. అంటే మంచి జన్యువు వచ్చే అవకాశం 99/100. రెండూ మంచివే వచ్చే అవకాశం 9,801/10,000. ఇప్పుడు 1లోంచి ఈ రెండూ తీసేయండి. మిగిలింది 198/10,000. ఆ ఖాళీ గడే క్యారియర్లది. కంటికి కనిపించే రోగి పదివేలకు ఒకరు, కనిపించని క్యారియర్లు దాదాపు యాభైకి ఒకరు!

అయితే ఇందులో ఓ మెలిక ఉంది. ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకుంటారన్నది లాటరీలా జరుగుతుందని ఈ లెక్క అనుకుంటుంది. మన దగ్గర అలా జరుగుతుందా? మేనరికాలున్నాయి, అక్క కూతుర్ని చేసుకోవడాలున్నాయి. దగ్గర బంధువుల్లో ఒకే లోపమున్న జన్యువులు రెండూ కలిసే అవకాశం ఎక్కువ. కాబట్టి క్యారియర్లు యాభైకి ఒకరికంటే తక్కువున్నా, జబ్బు పిల్లలు పదివేలకు ఒకరు పుట్టొచ్చు. అలాంటి చోట పై లెక్క క్యారియర్లను ఎక్కువ చేసి చూపిస్తుంది. కూడిక తప్పు కాదు, ఇచ్చిన పట్టికే మన ఊరిది కాదు.

అయినా సూత్రం చెప్పేది జనం లెక్కే. ఫలానా అబ్బాయి క్యారియరా కాదా అన్నది రక్తపరీక్షే చెప్పాలి. మామూలు రక్తపరీక్షలో ఎర్రకణాలు చిన్నగా ఉంటే అనుమానం వస్తుంది. హెచ్‌బీఏ2 అనే పరీక్షతో చాలావరకు తేలిపోతుంది. జాతకాలు చూపించడానికి తిరిగే తిరుగుళ్లలో ల్యాబుకూ ఓసారి వెళ్లొస్తే పెద్ద శ్రమేం కాదు.

జంటలో ఒకరే క్యారియర్ అని తేలి, రెండోవారికి సికిల్‌సెల్ లాంటి హీమోగ్లోబిన్ లోపమేదీ లేదనుకోండి. అప్పుడు పట్టికే మారిపోతుంది. వ్యాధి గడిలో 0, క్యారియర్ గడిలో 1/2. మిగిలిన గడి మీరే నింపండి.