సౌర విద్యుత్తు సరే.. పచ్చిక మాటేమిటి?

* లీజు ఒప్పందంలోనే మేతకు, వన్యప్రాణికి చోటుండాలి
* పావగడ, కర్నూలు అనుభవాలు చోడవరానికి పాఠాలు

చోడవరం: బంజరులో సౌర ఫలకాలు అమరిస్తే ఊరికి ఆదాయం, రాష్ట్రానికి విద్యుత్తు సమకూరుతాయన్నది ప్రభుత్వాల మాట. అందులో నిజం లేకపోలేదు. అయితే రెవెన్యూ రికార్డుల్లో బంజరుగా నమోదైన భూమి వాస్తవంలో ఖాళీగా ఉండదు. కాపరికి అది మేతబీడు. పేద ఇంటికి వంటచెరకు దొరికే చోటు. కౌజుపిట్టకు, కుందేలుకు ఆవాసం. విశాఖపట్నం జిల్లా నుంచి 2022 ఏప్రిల్‌లో విడివడిన అనకాపల్లి జిల్లాలోని చోడవరం ప్రాంతంలో సారవంతమైన నేల చెరకుకు, వరికి పోగా పశువులకు మిగిలేవి ఇలాంటి బీళ్లే. సౌర కేంద్రం వల్ల మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది స్థలం ఎంపికపైన, ఒప్పందంలోని షరతులపైన ఆధారపడి ఉంటుంది.

పావగడ చెప్పిన పాఠం

అనంతపురం సరిహద్దున, కర్ణాటకలోని పావగడలో సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు వెలసింది. అక్కడ రైతుల భూమిని కొనలేదు. ఎకరాకు ఏడాదికి రూ.21 వేల చొప్పున, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపుతో లీజుకు తీసుకున్నారు. కరవు సీమలో అది నికరాదాయం. భూమి హక్కు రైతు చేతిలోనే మిగిలింది. కానీ పదెకరాల ఆసామికి తొలి ఏడాది రూ.2.10 లక్షలు వచ్చే లెక్కలో సెంటు భూమి లేని కూలీకి దక్కేది సున్న. వ్యవసాయ పనులు పోయాయి. కంచెలు పడటంతో గొర్రెల మేత కుదించుకుపోయింది.

కర్నూలులో బట్టమేక పిట్ట

గని, శకునాల గ్రామాల పరిధిలో వెయ్యి మెగావాట్ల కర్నూలు సౌర పార్కు 2017లో పూర్తయింది. అదే ప్రాంతంలోని రోళ్లపాడు అభయారణ్యాన్ని బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రకటించారు. పార్కు రాకముందే గడ్డిభూములు సాగులోకి మారడంతో ఆ పిట్ట తగ్గిపోయింది. తప్పంతా సౌర విద్యుత్తుదే అనడం సరికాదు. అయితే గడ్డి నేలను వృథా భూమిగా లెక్కగట్టే ధోరణి ప్రమాదకరమని ఆ అనుభవం చెబుతోంది. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పిట్ట విద్యుత్తు తీగలకు తగిలి చనిపోతుండటంతో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. తీగలను భూగర్భంలో వేయాలని 2021లో ఆదేశించిన న్యాయస్థానం, ఆచరణలో ఇబ్బందుల దృష్ట్యా 2024లో ఆ ఉత్తర్వును సవరించి నిపుణుల కమిటీని నియమించింది. ముందుగా స్థలం చూసుకోకపోతే తర్వాత దిద్దుకోవడం ఎంత కష్టమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

సౌర ఫలకాల ప్రాజెక్టులు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి రావు. దాని కింద జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ వీటికి తప్పనిసరి కాదు. అందుకే గ్రామసభలో చర్చకు, లీజు పత్రంలోని షరతులకు ఇంత ప్రాధాన్యం.

చేయదగినది ఏమిటి?

అమెరికాలోని మిన్నెసోటాలో రెండు సౌర కేంద్రాల్లో స్థానిక గడ్డి, పూలమొక్కలు పెంచి ఆర్గాన్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఐదేళ్లు పరిశీలించారు. కీటకాల సంఖ్య మూడింతలైంది. స్థానిక తేనెటీగలు 20 రెట్లు పెరిగాయి. అవి అంతకుముందు సాగు చేసి వదిలేసిన పొలాలు. జీవం నిండిన బీడును చదును చేస్తే అదే ఫలితం వస్తుందని ఆశించలేం. ఫలకాల కింద గొర్రెలను మేపే పద్ధతి కూడా ఆ దేశంలో ఉంది. గడ్డి కోత ఖర్చు యాజమాన్యానికి తగ్గుతుంది, కాపరికి మేత దక్కుతుంది.

నేల అక్కర్లేని దారి ఈ జిల్లాలోనే ఉంది. పరవాడ మండలంలోని సింహాద్రి ఎన్టీపీసీ జలాశయంపై 75 ఎకరాల మేర 25 మెగావాట్ల తేలియాడే కేంద్రం 2021 ఆగస్టులో ప్రారంభమైంది. నీటి ఆవిరి తగ్గడం అదనపు లాభం. అయితే చేపల వేట సాగే జలాశయాల్లో మత్స్యకారుల సమ్మతి లేనిదే ఇది తగదు.

2019లో కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకం 500 కిలోవాట్ల నుంచి రెండు మెగావాట్ల వరకు చిన్న కేంద్రాలకు వీలు కల్పించింది. రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు యజమానులు కావచ్చు. గోవాడ సహకార చక్కెర కర్మాగారం ద్వారా ఉమ్మడి యాజమాన్యంలోని మంచిచెడ్డలు, బకాయిల బాధ ఇక్కడి రైతులు ఎరిగినవారే. చెల్లింపులకు గడువు, జాప్యమైతే వడ్డీ ముందే రాయించుకోవాలన్నది ఆ అనుభవ సారం. అదే పథకం పచ్చిక, చిత్తడి నేలలను కూడా అర్హమైనవిగా చేర్చడం గమనార్హం. జాగ్రత్త పడాల్సింది అక్కడే.

మేతబీళ్లను గుర్తించి మినహాయించాలి. కంచె అడుగున చిన్న జంతువులు దూరేందుకు సందు వదలాలి. వాగుల దారి మూయరాదు. ఫలకాలు కడిగే నీరు ఎక్కడిదో తేల్చాలి. కాపలా, శుభ్రత పనుల్లో భూమిలేని కుటుంబాలకు తొలి అవకాశం ఇవ్వాలి. టెండరుకు ముందే వీటిని పత్రంలో చేర్చాలి. సంతకాలయ్యాక అడిగితే దక్కేది హామీలే.