ఆకాశంలో నాలుగు గంటలు.. నేలపై ఐదు గంటలు!

విమానాశ్రయానికి చేరడమే సిక్కోలు ప్రయాణికుడికి భారం

ఇచ్ఛాపురం: విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు గగనమార్గంలో దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి నాలుగు గంటలు చాలు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ విమానాశ్రయానికి జాతీయ రహదారిపై దూరం సుమారు 250 కిలోమీటర్లు. బస్సులో ఐదు గంటలు పట్టడం సాధారణం. పన్నెండో వంతు దూరానికి అంతకుమించిన సమయం వెచ్చించాల్సి వస్తోంది. ఉపాధి కోసం ఉద్దానం ప్రాంతం నుంచి సింగపూర్‌కు, గల్ఫ్ దేశాలకు వలసపోతున్న వెల్డర్లు, ఫిట్టర్లకు ఇది తప్పని ప్రయాస.

లెక్క ఇలా..

రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని భూగోళంపై అతి దగ్గర మార్గంగా లెక్కిస్తారు. జెట్ విమానం గంటకు 800 నుంచి 850 కిలోమీటర్ల వేగంతో పయనిస్తుంది. పైకి లేవడానికి, దిగడానికి, రన్‌వేపై కదలడానికి మరో అరగంట కలపాలి. ఈ లెక్కన విశాఖ నుంచి సుమారు 510 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు గంటా పది నిమిషాలు, 1,350 కిలోమీటర్ల దూరంలోని ఢిల్లీకి రెండుంపావు గంటలు పడుతుంది. గాలివాటాన్ని బట్టి కొద్ది నిమిషాల తేడా ఉంటుంది.

గడియారంతో తికమక

టికెట్టుపై ముద్రించే వేళలు ఆయా ప్రాంతాల స్థానిక సమయాలు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 11 గంటలకు బయలుదేరిన విమానం అక్కడి వేళ ప్రకారం ఉదయం 5.30కు దిగుతుంది. ఆరున్నర గంటల ప్రయాణంగా కనిపించినా, వాస్తవంగా గాలిలో గడిపేది నాలుగు గంటలే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది కనుక, అటు వెళ్లేటప్పుడు ప్రయాణం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

దారి మళ్లింపు స్వల్పమే

విశాఖ నుంచి దుబాయ్‌కు సూటిగా లెక్కిస్తే దాదాపు 3,000 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో విమానం మారినా 3,060 మించదు. దారిలో కోల్పోయేది అరవై కిలోమీటర్లే. అసలు నష్టం రెండో విమానం కోసం నిరీక్షించే గంటల్లోనే ఉంది. అంతర్జాతీయ ప్రయాణికులు మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలన్న సూచన దీనికి అదనం.

భోగాపురంతో ఊరట ఎంత?

విజయనగరం జిల్లా భోగాపురంలో 2023 మే 3న శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయంలో 2026 జనవరి 4న తొలి పరీక్షా విమానం దిగింది. 3,800 మీటర్ల రన్‌వే భారీ విమానాలకు సైతం అనువైనది. ఇక్కడి నుంచి విమానం ఎక్కితే శ్రీకాకుళం వాసికి రోడ్డు ప్రయాణం సుమారు 60 కిలోమీటర్లకు, విజయనగరం వాసికి 25 కిలోమీటర్లకు పరిమితమవుతుంది. ఇచ్ఛాపురం వాసికి మాత్రం తగ్గేది 50 కిలోమీటర్లే. ఇంకా 200 కిలోమీటర్లు మిగిలే ఉంటాయి.

అందువల్ల రన్‌వేతోపాటు రోడ్డు సదుపాయాన్నీ చూడాలి. రైలులో వచ్చేవారికి విజయనగరం స్టేషన్ నుంచి, రోడ్డు మార్గాన వచ్చేవారికి పలాస, టెక్కలి, శ్రీకాకుళం మీదుగా విమాన వేళలకు సరిపడే ఆర్టీసీ బస్సులు రాత్రివేళ కూడా నడవాలి. అవి లేకుంటే బస్సు ఛార్జీతో పోయే ప్రయాణానికి కూలీ కారు అద్దె చెల్లించాల్సిందే. విమానాశ్రయం దగ్గరైనంత మాత్రాన ప్రయాణం దగ్గరైనట్లు కాదు.