మిషన్లు వచ్చినయ్ సరే, కొలువుల లెక్క ఏది?

రాష్ట్రంల 65 సర్కారు ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు చేస్తమని 2024ల సర్కారు టాటా టెక్నాలజీస్‌తోని పదేండ్ల ఒప్పందం చేసుకున్నది. మొత్తం ఖర్చు 2,324 కోట్లు, అండ్ల పెద్ద పాలు కంపెనీదే. రోబోలు, సీఎన్‌సీ మిషన్లు, కరెంటు బండ్ల రిపేరు కోర్సులు. మంచిదే. ఇన్నేండ్లు తుప్పువట్టిన లేత్‌ల మీద నేర్చుకున్న గరీబు పోరగాండ్ల దిక్కు ఇప్పుడన్నా సూపు మళ్లింది. దీన్ని నేను తప్పువట్ట.

కాని ఐటీఐకి వచ్చేదెవరు? ఇంటర్ కార్పొరేట్ కాలేజీకి లక్షలు కట్టలేని ఇంటి పిల్లలు. హమాలీ కొడుకు, బీడీలు చేసే అమ్మ బిడ్డ. గా పిల్లలకు కావాల్సింది మిషన్ ఒక్కటే కాదు. ఆ మిషన్ నేర్చినంక బతుకు ఎటు పోతదో తెల్వాలె.

అమెరికా సదువంటే మనోళ్లకు ఎమ్మెస్ ఒక్కటే యాదికొస్తది. కాని ఆడ నర్సులు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు మస్తుమంది కమ్యూనిటీ కాలేజీల్ల తయారైతరు. 1901ల ఇల్లినాయ్‌ల జోలియట్ అనే ఊర్ల మొదలైన పద్ధతి ఇది. నలబై ఏండ్లోడు వచ్చినా చేర్చుకుంటరు. పగలు పనిచేసుకొని సాయంత్రం క్లాసుకు పోవచ్చు. రెండేండ్లు సదివి, ఆ క్రెడిట్లతోని యూనివర్సిటీల చేరొచ్చు. అంతా బంగారమేం కాదు, చేరినోళ్లల్ల చానమంది మధ్యలనే ఇడిసిపెడ్తరు. అయితే ఆ సంగతి లోకానికి ఎట్ల తెల్సింది? ఎంతమంది సదువు పూర్తి చేస్తున్నరో కాలేజీలు బయటపెట్టాలని 1990ల ఆడ చట్టమే చేసిన్రు.

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. ఐటీఐల చేరేతందుకు పై వయసు అడ్డు లేదు. మరి దినమంతా క్లాసులుంటే కూలికి పోయేటోడు ఎట్ల వస్తడు? నేను మోటార్ వైండింగ్ దుకాణంల పని నేర్చుకున్నోన్ని. చేతిల పని ఉన్నది, కాయితం లేదు. నాసొంటోళ్లు ప్రతి బస్తీల ఉన్నరు. రాత్రి బడి పెడితే ఉరికొస్తరు.

నిచ్చెన కూడా ఉన్నది. రెండేండ్ల ఐటీఐ పాసైనోళ్లు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిల చేరొచ్చు. ఆడికెల్లి ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాది. గీ తొవ్వ ఉన్నదని ఎంతమంది పిల్లలకు చెప్తున్రు?

ఇగ పైసల ముచ్చట. 2019ల కేంద్రం పెట్టిన రేటు ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు నెలకు కనీసం 7,000. పటాన్‌చెరు దిక్కు రూం కిరాయి, తిండి, బస్సు పోంగ ఇంటికి ఏం పంపుతడు? అప్రెంటిస్ పేరు మీద ఏడాది మిషన్ నడిపించుకొని ఇంటికి పంపితే, గది నేర్పుడు కాదు, సస్తా కూలి.

ఇంకోటి. ఆ రోబోను నేర్పే సారు పర్మినెంటా, కాంట్రాక్టా? ఒప్పందం పదేండ్లు నిండినంక మిషన్ ఖరాబైతే ఎవరు బాగుచేస్తరు? రిబ్బన్ కత్తిరించిన ఫొటోలల్ల దీనికి జవాబు దొరకది.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి సెంటర్ గేటు కాడ ఒక బోర్డు పెట్టుండ్రి. ఈ ఏడు ఎంతమంది చేరిన్రు, ఎంతమంది పాసయిన్రు, పాసైన ఏడాదికి ఎంతమంది కొలువుల ఉన్నరు, జీతమెంత, పై సదువుకు ఎంతమంది పోయిన్రు. అయిదు లెక్కలు, తెలుగుల, పెద్ద అచ్చరాల్ల. బిడ్డను చేర్పించేతందుకు వచ్చిన అమ్మ సదువుకొని తానే ఫైసల్ చేసుకుంటది.

సర్కారు పెట్టదాక ఆగుడెందుకు? మీ దగ్గరి ఐటీఐకి పోయి గీ అయిదు లెక్కలు అడుగుండ్రి. చెప్పకపోతే పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి. 30 రోజులల్ల జవాబు ఇయ్యాల్సిందే.