గొట్టము వెడల్పైనంత మాత్రమున

టర్బో పూన్చిన రోటరీ కారును వీథులలో నడుపుకొను ఔత్సాహికులలో, అందును ముఖ్యముగా మాజ్దా ఆర్‌ఎక్స్-7 యజమానులలో, ఒక విశ్వాసము నానాటికి వేళ్లూనుచున్నది. ఇంటర్‌కూలరు గొట్టము మూడంగుళములదైనప్పుడే ఇంజనుకు చాలినంత గాలి అందుననియు, రెండున్నర అంగుళములతో సరిపెట్టుకొన్నవాడు తన కారు బలమును తానే కట్టివైచుకొనుననియు వారి వాదము. ఈ వాదమునకు పందెపు బండ్ల అనుకరణమే గాని లెక్క ఆధారము కాదు. కనుకనే దీనిని నిస్సంకోచముగ ఖండించుచున్నాను.

1991లో జపానున వెలువడి 2002 వఱకు తయారైన ఎఫ్‌డీ తరపు ఆర్‌ఎక్స్-7లోని 13బీ ఇంజనుకు రెండు రోటర్లు. ఒక్కొక్కదాని పాలు 654 ఘన సెంటీమీటర్లు. షాఫ్టు ఒక్క చుట్టు తిరుగునంతలో ఇవి రెండును కలిసి 1.3 లీటర్ల గాలిని గ్రహించును. అనగా గాలిని మ్రింగుటలో నిది 2.6 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజనుకు సాటి. నిమిషమునకు 7,000 చుట్ల వద్ద లెక్కించిన, సెకనుకు సుమారు 153 లీటర్లు. బూస్టు పెరిగినకొలది గాలి బరువు హెచ్చును గాని, గాలి అంతకంత చిక్కబడుటచే, ఇంటర్‌కూలరు దాటిన పిమ్మట గొట్టమున సాగు ఘనపరిమాణము ఇంచుమించుగా మారదు. ఈ సంగతిని మఱచుటయే భ్రమకంతకును మూలము. లోపలి వ్యాసము 60 మిల్లీమీటర్లుండు రెండున్నర అంగుళముల గొట్టములో ఆ గాలి వేగము సెకనుకు 54 మీటర్లు. ధ్వని వేగమున అది ఆఱవ వంతైనను కాదు. టర్బో పనివారు సాధారణముగ హద్దుగా చెప్పుకొనునది ధ్వని వేగమున పదింట నాలుగు వంతులు.

మూడంగుళములకు పోయినచో ఏమియు లాభింపదని నేననను. ఒక బార్ బూస్టున, రెండు మీటర్ల గొట్టమును నాలుగు వంపులను పరిగణించిన, మిగులు ఒత్తిడి చదరపు అంగుళమునకు అర పౌనుకు లోపే. అదియు రెడ్‌లైను సమీపమున మాత్రమే. ఆ స్వల్పలాభమును సయితము గొట్టపు కొసలయందే పోగొట్టుకొనుచున్నారు. కంప్రెసరు మూతి తఱచుగ రెండంగుళములే యుండును. దానికి క్రమముగ విప్పారు శంకువు నమర్పక, పొట్టి సిలికాన్ రెడ్యూసరుతో మూడంగుళముల గొట్టమును తగిలించినచో, వడిగ వచ్చిన గాలి ఒక్కపెట్టున విచ్చుకొని, సుడులు తిరిగి, తన వేగబలమున ఇంచుమించు మూడవ వంతును వృథా చేయును. తూము మార్పక కాలువను వెడల్పు చేసినవాని పొలమునకు నీరెక్కువ పాఱునా?

ఇక ఎఫ్‌డీ బానెట్టు క్రింది ఇఱుకుదనము ఎఱుగని మెకానిక్కు లేడు. లావు గొట్టమునకు అచ్చట చోటు చేయవలెనన్న వంపులను కుఱుచ చేయవలెను, లేదా గొట్టమును అణచవలెను. రెండును ప్రవాహమునకు చెఱుపే. అతుకుల మాట అటుండనిండు: ఒక బార్ బూస్టున రెండున్నర అంగుళముల జోడును ఊడదీయజూచు బలము దాదాపు 32 కిలోలు, మూడంగుళముల జోడున 46 కిలోలు. గొట్టపు అంచు చుట్టును ఉబ్బెత్తు గీర లేనిచో, నూనె తగిలిన హోసు క్లాంపునుండి జాఱుట ఎంతసేపు?

అట్లని, లావు గొట్టము నిండువఱకు టర్బో నిద్రపోవునని మూడంగుళముల వాదమునకు ప్రతిపక్షులు పలుకుటయు అతిశయోక్తియే. రెండు మీటర్ల పొడవున హెచ్చు చోటు మూడు లీటర్లలోపు. 3,000 చుట్ల వద్దనే సెకనుకు 65 లీటర్లు మ్రింగు ఇంజనుకు అది గణనీయము కాదు. నా పక్షమునకు ఆ సాయము అక్కఱలేదు.

పోర్టులు పెంచి, 9,000 చుట్లు దాటించు పందెపు ఇంజనుకు మూడంగుళములు న్యాయమే. వీథి కారు యజమాని మాత్రము ఆర్డరిచ్చుటకు ముందు కంప్రెసరు మూతికడ ఒకటి, ఇంటర్‌కూలరు దాటినచోట ఒకటి, మానిఫోల్డున ఒకటి ప్రెషరు గేజీలు పెట్టి, మూడవ గేరులో రెడ్‌లైను వఱకు లాగి చూడవలెను. ఒత్తిడి నష్టమున పెద్దపాలు ఇంటర్‌కూలరు కోరుదైనచో సొమ్మును మంచి కోరు మీదను, దానికి గాలి నడపు డక్టు మీదను వెచ్చించుట యుక్తము. ఏలయనగా రోటరీలో చొచ్చు గాలి వేడెక్కి డిటొనేషను పుట్టినచో, మొదట పగులునది అపెక్స్ సీలు.